కూల్‌గార్డీ ఎందుకు పోయింది, కల్గూర్లీ ఎలా మిగిలింది?

అడిగిన ప్రశ్న ఇది: ఎడారి మధ్యలో బంగారం దొరికి, నెలల్లోనే వేలమందితో కిటకిటలాడిన ఊళ్లు పదేళ్లు తిరక్కుండా ఎందుకు ఖాళీ అయిపోతాయి? బంగారం అయిపోవడం ఒక్కటేనా కారణం? పశ్చిమ ఆస్ట్రేలియాలో కూల్‌గార్డీ, కల్గూర్లీ దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లే కదా, ఒకటి పడిపోయి ఇంకొకటి ఎలా నిలబడింది?

నేను కొత్తగూడెంలో మైనింగ్ చదివి, బొగ్గు గనుల్లో పని నేర్చుకుని, ఆ తర్వాత చాలాకాలం కల్గూర్లీ చుట్టుపక్కల బంగారు గనుల్లో పనిచేశాను. కాబట్టి ఆ రెండు ఊళ్ల సంగతే చెప్తాను. బంగారం అయిపోయింది అనే మాట తప్పు కాదు గానీ అది సగం జవాబే. మొదట వచ్చినవాళ్లకు పైన ఎంత దొరికింది అన్నదాన్ని బట్టి ఊరు లేస్తుంది. కింద రాయిలో బంగారం ఎలా ఉంది అన్నదాన్ని బట్టి నిలబడుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉండాలని లేదు. కూల్‌గార్డీలో మొదటిది బ్రహ్మాండంగా ఉంది. కల్గూర్లీలో రెండోది.

1892 సెప్టెంబరులో ఆర్థర్ బేలీ అనే అతను 554 ఔన్సుల బంగారం, అంటే పదిహేడు కిలోల పైచిలుకు, గుర్రం మీద వేసుకుని సదరన్ క్రాస్ అనే ఊళ్లోని వార్డెన్ ఆఫీసుకు వచ్చాడు. గనుల హక్కులు రాసుకునే అధికారిని అక్కడ వార్డెన్ అంటారు. బేలీ, అతని జోడీదారు విలియమ్ ఫోర్డ్ కలిసి ఆ బంగారాన్ని షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, తవ్వి తీయలేదు. చాలావరకు నేల మీద ఏరుకున్నారు, పైకి కనిపిస్తున్న పలుగురాయిని పగలగొట్టి తీసుకున్నారు. ఈ వార్త తెలిసిన రోజే సదరన్ క్రాస్‌లో జనం పనులు వదిలేసి తూర్పుకు బయల్దేరారు. ఆ సమయంలో తూర్పు ఆస్ట్రేలియాలో బ్యాంకులు మూతపడుతున్నాయి, మెల్‌బోర్న్‌లో పని దొరకడం లేదు. అందుకే ఓడలు పట్టుకుని వచ్చేశారు. 1891లో పశ్చిమ ఆస్ట్రేలియా మొత్తం జనాభా యాభై వేలు ఉంటే, 1901కి లక్షా ఎనభై నాలుగు వేలు దాటింది.

1898 నాటికి కూల్‌గార్డీ, అప్పటికి బ్రిటిష్ వలస ప్రాంతమైన పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్, ఫ్రిమాంటిల్ తర్వాత మూడో పెద్ద ఊరు. పట్నంలోనే పదిహేను వేలమంది దాకా ఉండేవాళ్లని లెక్క. ప్రధాన వీధి బేలీ స్ట్రీట్ ఇప్పటికీ చూడొచ్చు. దాని వెడల్పు చూస్తే మన దగ్గర నాలుగు లైన్ల హైవే కూడా చిన్నదే అనిపిస్తుంది. ఒంటెల బండ్లు వరసగా వచ్చి వెనక్కి తిరగాలి కాబట్టి అంత వెడల్పు పెట్టారు. ఆ ఒంటెలు నడిపినవాళ్లను అందరూ ‘అఫ్గాన్’లు అని పిలిచేవాళ్లు గానీ, వాళ్లలో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. రైలు వచ్చేదాకా పిండి, టీ, టిన్ను మాంసం, పంపుల సామాను, అన్నీ వాళ్ల ఒంటెల మీదే వచ్చాయి. గనుల చరిత్ర చెప్పేవాళ్లు వీళ్లను ఒక పేరాలో తేల్చేస్తారు, అది నాకు నచ్చదు. వీళ్లు లేకపోతే ఆ ఊరు మొదటి వేసవే దాటేది కాదు.

ఇక అసలు సమస్య నీళ్లు. మన అనంతపురాన్ని కరువు జిల్లా అంటాం, అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కల్గూర్లీలో 260. అది కూడా ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఏరు లేదు, చెరువు లేదు. సరస్సు అని మ్యాపులో రాసి ఉన్నది దగ్గరికెళ్తే ఉప్పు మేట. బావి తవ్వితే వచ్చేది చాలాచోట్ల సముద్రం నీళ్లకన్నా ఉప్పగా ఉంటుంది. తాగే నీళ్లు గ్రానైట్ గుట్టల మీది గుంటల్లో, వాటి అంచుల్లో ఊరే చెలమల్లో మాత్రమే ఉండేవి. అవి వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసులు జాగ్రత్తగా వాడుకుంటూ వచ్చినవి. ఎండకు ఆవిరి కాకుండా రాతి పలకలు, కొమ్మలు కప్పి ఉంచేవాళ్లు. బంగారం కోసం వచ్చినవాళ్ల గుర్రాలు, ఒంటెలు ఒక్క రోజులో ఒక గుంటను ఖాళీ చేసేవి. కొందరైతే నీళ్ల చోటు చూపించమని ఆదివాసులను పట్టి బంధించి, దాహం వేసేలా ఉప్పు మాంసం తినిపించారు కూడా. ఇది ఎవరో కల్పించిన మాట కాదు, డేవిడ్ కార్నెగీ లాంటి యాత్రికులు తామే రాసుకున్నారు.

జనం పెరిగాక ఉప్పు నీళ్లు కాచి మంచినీళ్లు చేయడం మొదలుపెట్టారు. వీటిని కండెన్సర్లు అంటారు. పెద్ద ఇనప తొట్టి, దాని కింద రాత్రింబగళ్లు కట్టెల మంట, పైనుంచి ఆవిరి పోయే పొడవాటి రేకు గొట్టాలు, చివర చుక్కచుక్కగా పడే నీళ్ల కోసం ఒక ట్యాంకు. తొట్టి అడుగున ఉప్పు గట్టిపడి పేరుకుంటుంది, రోజూ గోకి తీయాలి. లేకపోతే అడుగు మాడి చిల్లు పడుతుంది. ఆ నీళ్లు గోరువెచ్చగా, ఇనుము వాసనతో ఉండేవి. గ్యాలన్‌కు షిల్లింగు, ఎద్దడి రోజుల్లో రెండు. ఆ రేటుకు స్నానం మాట దేవుడెరుగు, వంట పాత్రలు కడగడానికి కూడా ఆలోచించేవాళ్లు. మరుగుదొడ్లు ఊరి మధ్యే, ఈగలు సరేసరి. టైఫాయిడ్ పట్టుకుంది. కూల్‌గార్డీ శ్మశానంలో 1890ల సమాధి రాళ్లు చదువుతూ పోతే చాలామంది వయసు ఇరవై, ముప్పై మధ్యలో ఉంటుంది.

నీళ్లు లేవు కాబట్టి బంగారం కడగడం కూడా కుదరదు. అందుకని మట్టిని తూర్పారబట్టేవాళ్లు. రెండు పళ్లాలు తీసుకుని, పైపళ్లెం ఎత్తి పట్టుకుని గాలివాటుకు మట్టి పోస్తే తేలిక దుమ్ము ఎగిరిపోతుంది, బరువు రేణువులు కింది పళ్లెంలో పడతాయి. మన కల్లంలో వడ్లు తూర్పారబట్టినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ దుమ్మంతా మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇప్పుడు నేల కింది సంగతికి వద్దాం. అక్కడి రాళ్లు కోట్ల ఏళ్లుగా ఎండావానలకు కుళ్లి మెత్తబడ్డాయి. కొన్నిచోట్ల యాభై అరవై మీటర్ల లోతు దాకా మట్టిలాగే ఉంటాయి. రాయి అరిగి కొట్టుకుపోయినా బంగారం బరువు కాబట్టి అక్కడే మిగిలిపోతుంది. దాంతోపాటు ఉప్పు నీళ్లలో కొంచెం బంగారం కరిగి, ఇంకో చోట మళ్లీ గట్టిపడి ముద్దలవుతుంది. ఈ రెండింటివల్ల పై పొరలో బంగారం పాల మీద మీగడలా పేరుకుని ఉంటుంది. మొదట వచ్చినవాళ్లు చూసేది దాన్నే. కింద పాలు ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టి చెప్పలేం.

ఇది తెలియక, లేదా తెలిసీ చెప్పక, లండన్‌లో ఎంతమందిని ముంచారో చెప్పడానికి లండన్‌డెర్రీ గని ఒక్కటి చాలు. 1894లో కూల్‌గార్డీకి దక్షిణంగా ఆరుగురు మనుషులకు పలుగురాయిలో ఒక గుంత దొరికింది. రాయికన్నా బంగారమే ఎక్కువ కనిపించే గుంత. వేల ఔన్సులు బయటికి తీశారు. లార్డ్ ఫింగాల్ అనే ఐరిష్ జమీందారు 1,80,000 పౌండ్లకూ, పైన కొంత వాటాకూ దాన్ని కొన్నాడు. లండన్‌లో ఏడు లక్షల పౌండ్ల మూలధనంతో కంపెనీ పెట్టారు. షేర్లు అమ్ముడయ్యేదాకా ఎవరూ వేలు పెట్టకుండా ఆ గుంతకు సీలు వేశారు. 1895లో పెద్ద ఆర్భాటంగా సీలు తీస్తే, ఉన్న బంగారమంతా అప్పటికే బయటికి వచ్చేసిందని తేలింది. కొద్ది లోతులోనే ఖాళీ. గని పక్కన వెలుస్తున్న ఊరు కూడా దాంతోపాటే పోయింది. ఒక్క ప్రశ్న, ‘గుంత కింద డ్రిల్లు వేశారా?’ అని ఒక్కరు అడిగి ఉంటే ఆ కంపెనీ పుట్టేదే కాదు. ఈ రోజుకీ గని షేర్లు కొనే మన కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: పైన తీసిన ఒక్క శాంపిల్ ఎంత పలికిందని కాదు, ఎన్ని చోట్ల, ఎంత లోతుకు డ్రిల్లు వేశారో చూడండి.

కల్గూర్లీ కథ దీనికి తలకిందులు. 1893 జూన్‌లో ప్యాడీ హానన్, టామ్ ఫ్లానగన్, డాన్ షీ అనే ముగ్గురు ఐరిష్‌వాళ్లకు అక్కడ నేల మీద బంగారం దొరికింది. హానన్ వెళ్లి హక్కు రాయించుకున్నాడు, వందలమంది ఎగబడ్డారు. ఇంతవరకు మామూలే. అయితే అసలు నిధి హానన్ దొరకబుచ్చుకున్న చోట లేదు. దానికి కొన్ని కిలోమీటర్ల దక్షిణాన, ఎర్ర మట్టి దిబ్బల కింద ఉంది. అక్కడ పైకి పలుగురాయి కనిపించదు కాబట్టి అనుభవం ఉన్నవాళ్లెవరూ ఆగలేదు. అడిలైడ్‌లోని ఒక చిన్న సిండికేట్ తరఫున విలియమ్ బ్రూక్‌మన్, శామ్ పియర్స్ అనే ఇద్దరు వచ్చి అక్కడ మేకులు పాతి హద్దులు పెట్టుకున్నారు. చుట్టుపక్కలవాళ్లు దాన్ని ‘బ్రూక్‌మన్ గొర్రెల ఫారం’ అని వెక్కిరించారు. ఆ హద్దుల్లోనే గ్రేట్ బౌల్డర్, ఐవన్‌హో గనులు వచ్చాయి. తర్వాత ఆ మేరకే ‘గోల్డెన్ మైల్’ అని పేరు పడింది.

అక్కడ బంగారం ముద్దలుగా ఉండదు. ముదురు రంగు రాయిలో, పగుళ్ల వెంట, కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. అది ఒక గుంతతో అయిపోయేది కాదు, పక్కపక్కన పదులకొద్దీ పొరలు నిలువుగా కిందికి దిగిపోతాయి. గనులు వాటి వెంట కిలోమీటరు దాటి లోతుకు వెళ్లాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ బంగారంలో కొంత టెల్యూరియం అనే మూలకంతో కలిసి కాలవెరైట్ అనే ఖనిజంగా ఉంటుంది. చూడ్డానికి లేత పసుపులో, బంగారంలా మెరిసి మోసం చేసే పైరైట్ రాయిలా ఉంటుంది. ఒక చిన్న ముక్కను బొగ్గు మీద పెట్టి మంట ఊదితే తెల్లటి పొగ లేస్తుంది, కాసేపటికి రాయికి చెమట పట్టినట్టు పసుపు పచ్చని పూసలు బయటికి వస్తాయి. ల్యాబులో మొదటిసారి అది చూసినవాడెవడైనా ఆ ముక్కను మళ్లీ వేడి చేయమంటాడు. 1896లో అది ఏమిటో గుర్తుపట్టేదాకా కంపెనీలు దాన్ని పనికిరాని రాయి అని పారేశాయి. కొంత రోడ్ల గుంతలు పూడ్చడానికి కూడా పోసేశారట. సంగతి తెలిశాక జనం రోడ్లు తవ్వుకున్నారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

టెల్యూరైడ్ రాయి నుంచి బంగారం లాగాలంటే మెత్తగా నూరాలి, కొలిమిలో కాల్చాలి, ఆపైన సయనైడ్ పెట్టాలి. ఒక మనిషి, ఒక గునపం, రెండు పళ్లాలతో అయ్యే పని కాదు. యంత్రాలు కావాలి, కెమిస్టులు కావాలి, లోతు షాఫ్టులు కావాలి, జీతాలకు పనిచేసే వేలమంది కావాలి, వాళ్లకు ఇళ్లు, బడులు, ట్రాము కావాలి. అందుకే కల్గూర్లీ ఊరు అయింది. తీయడానికి కష్టమైన బంగారమే ఊరిని నిలబెట్టింది. మన పక్కనున్న కోలార్ గనుల్లోనూ ఇదే జరిగింది. 1880ల్లో పైపైన వెతికి దొరక్క కంపెనీలు దివాలా అంచుకు వచ్చాక, లోతుకు దిగితే రీఫ్, అంటే బంగారం ఉన్న పలుగురాయి పొర, తగిలింది. మూడు కిలోమీటర్ల లోతు దాటి తవ్వుకుంటూ 2001 ఫిబ్రవరి దాకా నడిచాయి. 1902లో శివనసముద్రం నుంచి అంత దూరం కరెంటు లాగింది కూడా లోతు గని ఉంది కాబట్టే.

సరిగ్గా ఆ రోజుల్లోనే కల్గూర్లీ వైపు నీళ్లు లాగుతున్నారు. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వ చీఫ్ ఇంజనీరు ఓకానర్ 1896లో ఒక లెక్క వేశాడు. పెర్త్ దగ్గర కొండల్లో ముండేరింగ్ అనే చోట ఆనకట్ట కట్టి, 530 కిలోమీటర్ల పైపు వేసి, ఎనిమిది చోట్ల ఆవిరి పంపులు పెట్టి, మూడు వందల మీటర్లకు పైగా ఎత్తుకు రోజుకు 50 లక్షల గ్యాలన్లు ఎక్కించాలని. 25 లక్షల పౌండ్ల అప్పు. పేపర్లు, ప్రతిపక్షం దుమ్మెత్తిపోశాయి, అవినీతి అన్నాయి. 1902 మార్చి 10న ఓకానర్ ఫ్రిమాంటిల్ దగ్గర సముద్రపు ఒడ్డున గుర్రం మీదే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ట్యాపు తిప్పితే నీళ్లు రాకపోయేసరికి చనిపోయాడని ఒక కథ తిరుగుతుంటుంది. అది అబద్ధం, నీళ్లు వదలడానికి పది నెలల ముందే పోయాడు. 1903 జనవరి 24న పశ్చిమ ఆస్ట్రేలియా మాజీ ప్రీమియర్ జాన్ ఫారెస్ట్ వచ్చి ప్రారంభించాడు. పైపు అనుకున్నట్టే పనిచేసింది.

ఇక్కడే కూల్‌గార్డీ దురదృష్టం చూడండి. ఆ పథకం పేరే ‘కూల్‌గార్డీ నీటి సరఫరా పథకం’. నీళ్లు లేక టైఫాయిడ్‌తో జనం పోతున్నప్పుడు ఆ ఊరి కోసం మొదలైన ఆలోచన. నీళ్లు వచ్చేసరికి తాగేవాళ్లు కల్గూర్లీకి వెళ్లిపోయారు. పైపైన దొరికేది అయిపోయింది, లండన్ డబ్బు ఆగిపోయింది, కూల్‌గార్డీ రీఫులు లోతుకు పోయేకొద్దీ తెగిపోతూ, సన్నబడుతూ వచ్చాయి. గనులు పూర్తిగా మూతపడలేదు, చిన్నాచితకా పని ఆ తర్వాతా సాగింది. కానీ పదిహేను వేలమందిని పోషించే పని కాదు. 1899లో ఊరు అంతర్జాతీయ ఎగ్జిబిషన్ పెట్టింది. దాని ఉద్దేశం పెట్టుబడులు తేవడం. ఆ సమయానికే వీధిలో దుకాణాలు ఖాళీ అవుతున్నాయి. మన దగ్గర కూడా రియల్ ఎస్టేట్ పడిపోయాకే పెద్ద పెద్ద బ్రోచర్లు వస్తాయి. 1902లో స్కూల్ ఆఫ్ మైన్స్ కూల్‌గార్డీలో పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని కల్గూర్లీకి మార్చేశారు. రేకు ఇళ్లు కూడా అంతే: విప్పి, బండికెత్తి, తీసుకుపోయి మళ్లీ బిగించుకున్నారు. ఎడారిలో ఊళ్లు శిథిలాలు కూడా లేకుండా మాయమవడానికి అసలు కారణం అదే, చెక్క, రేకు అక్కడ మట్టికన్నా ఖరీదు.

కల్గూర్లీకి ఇంకోపక్క కనౌనా అని ఉండేది. 1899లో పన్నెండు వేలు దాటిన జనం, పదహారు హోటళ్లు. అక్కడి ఫాదర్ లాంగ్ అనే క్యాథలిక్ ఫాదరీ కథ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. 1898లో ఎవరో ఆయనకు ఒక పెద్ద బంగారు ముద్ద చూపించి రహస్యంగా ఉంచమన్నారట. జనం ఒత్తిడి పడలేక ఆయన హోటల్ బాల్కనీలోంచి చోటు చెప్పేశాడు. వేలమంది గుర్రాల మీద, సైకిళ్ల మీద ఉరికారు. అక్కడ ఏమీ లేదు. మరుసటి ఏడాదే ఆయన టైఫాయిడ్‌తో పోయాడు. కనౌనాలో 1953 నాటికి ఎవరూ మిగల్లేదు. అయితే 1989లో అదే ఊరి పక్కన లోతులో పెద్ద నిక్షేపం దొరికింది, కనౌనా బెల్ అని. గని నడిచింది, ఊరు తిరిగి రాలేదు.

ఇందాక బంగారం అయిపోవడం సగం జవాబే అన్నాను కదా, మిగతా సగం ధర. పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్పత్తి 1903లో ఇరవై లక్షల ఔన్సులకు చేరి, ఆ తర్వాత దశాబ్దాలపాటు దిగుతూ వచ్చింది. ఆ కాలంలో బంగారానికి మార్కెట్ రేటు అనేది లేదు, ఔన్సుకు దాదాపు 4 పౌండ్ల 5 షిల్లింగులు అని కట్టేసి ఉండేది. కూలి పెరిగింది, కట్టెలు దూరమయ్యాయి (బాయిలర్ల కోసం చుట్టూ అడవులు నరుకుతూ దాని కోసమే రైలు పట్టాలు వేశారు), మొదటి ప్రపంచయుద్ధంతో అన్నిటి ధరలూ ఎగిసిపడ్డాయి. అమ్మే ధర మాత్రం కదల్లేదు. అంటే నిన్న ఖనిజం అన్న రాయి ఇవాళ మామూలు రాయి. 1930ల్లో ధర పెరగగానే, అప్పటిదాకా ‘అయిపోయిన’ గనులు మళ్లీ తెరుచుకున్నాయి. 1963 డిసెంబరులో, కల్గూర్లీకి ఉత్తరాన ఉన్న సన్స్ ఆఫ్ గ్వాలియా గని మూసేశారు. ఒకప్పుడు హెర్బర్ట్ హూవర్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడే, కుర్రతనంలో మేనేజరుగా చేసిన గని అది. గ్వాలియా ఊళ్లో 1200 మంది ఉండేవాళ్లు, మూడు వారాల్లో నలభైమంది మిగిలారు. 1970ల్లో బంగారం ధర స్వేచ్ఛగా వదిలాక ఆ గనీ తిరిగి మొదలైంది. కల్గూర్లీలో పాత గనులన్నీ కలిపి తవ్విన సూపర్ పిట్ ఇప్పుడు మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఆరు వందల మీటర్ల లోతు.

కొత్తగా అక్కడికి ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు ఒకటి గమనించాలి. ఇప్పుడు కొత్త గని పెట్టినా ఊరు పుట్టదు. రెండు వారాలు క్యాంపులో పని, వారం సెలవు, పెర్త్ నుంచి విమానంలో రాకపోకలు. గని మూసినరోజు క్యాంపు గదులు లారీ ఎక్కించి తీసుకుపోతారు. పిల్లల బడి, ఇల్లు, లోన్ అన్నీ పెర్త్‌లోనే పెట్టుకోండి. గని పక్కన ఆస్తి కొనే ఆలోచన ఉంటే మాత్రం, ఆ గని ఎన్నేళ్ల ఖనిజం లెక్కగట్టిందో కంపెనీ వార్షిక నివేదికలో చూసుకుని, అందులో సగం నమ్మండి.

చూడ్డానికే వెళ్లేవాళ్లు జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్లండి. పెర్త్ నుంచి కల్గూర్లీకి రైలుంది, ఏడు గంటల లోపే. కూల్‌గార్డీ ఊళ్లో ఆ రైలు ఆగదు, 1960ల్లో కొత్త లైను ఊరిని తప్పించి వేశారు. కారులో వెళ్తే హైవే బేలీ స్ట్రీట్ మీదుగానే పోతుంది, వార్డెన్ కోర్టు భవనం, పాత స్టేషను చూడొచ్చు. రోడ్డు దిగి పొదల్లోకి నడిచేటప్పుడు పిల్లల చెయ్యి వదలొద్దు. కంచె లేని పాత షాఫ్టులు ఇంకా చాలా ఉన్నాయి, అంచు మట్టి గుల్లగా ఉంటుంది.